ఒంటిదారి కడియం

మా ఊరికి దారి ఒక్కటే. గొప్పకి చెప్పడం లేదు, ఏడవలేక చెప్తున్నాను. మూడు పక్కలా కొండలు, వాటిని ఎక్కమంటే మేకలు కూడా మొహమాటపడతాయి. నాలుగో పక్క లోయ, లోయ అడుగున ఏరు. ఆ లోయ అంచునే కొండని చెక్కి, సరిగ్గా ఒక్క బండి పట్టేలా ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో ఒక దారి వేశారు. ఒక చేతివైపు రాతిగోడ, రెండో చేతివైపు ఏమీ లేదు. దాన్ని మేం ఒంటిదారి అంటాం. అది దాటితే టీకొట్టు, టీకొట్టు దగ్గర పెద్దరోడ్డు, ఆ రోడ్డు పట్టుకుని పోతే పట్నం. ఆసుపత్రి, బ్యాంకు, కాలేజీ, సినిమా హాలు అన్నీ అవతలే. ఇవతల మేమూ, మా ఆవులూ.

ఇంత ఊరికీ ఒక్కటే జీపు. దానికి డ్రైవరు మా అన్నయ్య, కండక్టర్ని నేను. కండక్టరంటే సంచీ తగిలించుకుని టిక్కెట్లు చింపడం కాదు. పొద్దున్నే వీధివీధీ తిరిగి కేకలేసి జనాన్ని పోగుచెయ్యాలి. పట్టనివాళ్ళని పట్టించాలి. ఒకాయన మోకాలు ఇంకొకావిడ బుట్టకి తగిలితే ఆ తగువు తీర్చాలి. వాంతులయ్యేవాళ్ళని కిటికీ పక్కకి జరపాలి. నా నోట్లో నువ్వుగింజ నానదని అన్నయ్య నాకు మైకు అని పేరు పెట్టాడు. ఊరు దాన్నే ఖాయం చేసింది. ఇప్పుడు నా అసలు పేరుతో పిలిస్తే నేనే పలకను.

ఒంటిదారిలో ఎదురెదురుగా రెండు బండ్లొస్తే ఏం చేస్తారని పట్నంవాళ్ళు అడుగుతుంటారు. అందుకే కడియం. అన్నం పళ్ళెమంత ఇనుప కడియం, ఎర్రరంగు పూసి ఉంటుంది. దారికి ఆ చివర ఒక రాతిస్తంభం, ఈ చివర ఒకటి, రెండింటికీ కొక్కేలు. కడియం మన చివర వేలాడుతుంటే తీసుకుని బయల్దేరాలి, అవతలికి చేరి అక్కడ తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే దారిలో ఎవరో ఉన్నట్టో, కడియం అవతల ఉన్నట్టో. అవతల ఉంటే టీకొట్టు తాతకి ఫోన్ చేస్తే ఎవరికో సైకిలూ కడియమూ ఇచ్చి పంపిస్తాడు. మనుషులు నడిచిపోవడానికి కడియం అక్కర్లేదు, బండి వస్తే గోడకి అతుక్కుని నించుంటే సరిపోతుంది. బండికి మాత్రం కడియం ఉండి తీరాలి.

కడియం చేతిలో ఉన్నవాడిదే దారి. ఖర్మకాలి ఎవడైనా అది లేకుండా దూరి ఎదురుపడితే, ఉన్నవాడు కిటికీలోంచి చెయ్యి చాపి కడియం చూపిస్తాడు. లేనివాడు నోరెత్తకుండా వెనక్కి తీసుకుపోవాలి, ఎంత దూరమైనా సరే. మా ఊళ్ళో పొలం గట్టు దగ్గర అబద్ధమాడేవాళ్ళున్నారు, పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళున్నారు. కడియం దగ్గర మోసం చేసినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

పోయినేడు వానల్లో ఆ కడియం పోయింది. పాల వ్యాను తోలే ఆయన్ని ఊరంతా పాల మావయ్య అనేది. రోజూ సాయంత్రం ఖాళీ క్యాన్లతో అవతల్నుంచి వచ్చి, ఇంటింటి పాలూ పోయించుకుని వెళ్ళేవాడు. ఎంత పెద్దవాళ్ళనైనా 'అమ్మాయ్' అనీ 'అబ్బాయ్' అనీ పిలిచేవాడు, మా నాయనమ్మని కూడా వదల్లేదు. ఆ రోజు వానలో ఆయన కడియం తీసుకుని దారిలోకి దిగడం టీకొట్టు తాత చూశాడు. ఇవతల ఆడవాళ్ళు బిందెల్లో పాలు పెట్టుకుని నించున్నారు. వ్యాను రాలేదు. నడిమధ్యలో అంచు విరిగి ఉందని మర్నాడు తెలిసింది. కింద ఏరు వరదమీదుంది. మనిషీ దొరకలేదు, బండీ దొరకలేదు, కడియమూ దొరకలేదు.

అంచు బాగుచేసుకున్నాక కడియం సంగతి వచ్చింది. కమ్మరి కొత్తది చేసిస్తానన్నాడు, అందరూ సరేనన్నారు. టీకొట్టు తాత ఒక్కడూ పనిగట్టుకుని నడిచి వచ్చి అడ్డం తిరిగాడు. పాత కడియం ఎవరూ తగిలించలేదు, కాబట్టి అది దారిలోనే ఉన్నట్టు లెక్క, ఒక దారికి రెండు కడియాలేమిటని ఆయన వాదన. పిల్లల బడీ, మందులూ, బియ్యం మూటలూ ఆగిపోతే నువ్వు తెచ్చిపెడతావా తాతా అని నలుగురూ నవ్వారు. ఆయన మాటా తప్పు కాదు, మా అవసరమూ తప్పు కాదు. కొత్త కడియం కొక్కేనికి ఎక్కింది. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పుకోకుండానే అలవాటైంది. వానల్లో పొద్దు వాలాక ఆ దారిలోకి ఎవరూ దిగేవాళ్ళు కాదు.

మా వదినకి అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచింది. ఆ నెలలన్నీ అన్నయ్య జీపు గుంతలో పడితే తానే 'అబ్బా' అనేవాడు, వదిన బండిలో లేకపోయినా. నెలలు నిండేముందే పట్నంలో గది తీసుకుని అక్కడే ఉందామని మాట్లాడుకున్నాం. ఆ మాట మాటగానే ఉండగా, ఒక వానరోజు మధ్యాహ్నం వదిన వంటగది గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయింది. కాళ్ళ వెంట నీళ్ళు. నీళ్ళలో ఎరుపు.

వారానికోసారి వచ్చే నర్సమ్మ అవతల ఉంది. ఫోన్ చేస్తే, కడుపు మీద చెయ్యి వేసి గట్టిగా గుండ్రంగా ఎక్కడ తగులుతోందో చెప్పమంది. పక్కన, డొక్కలో తగులుతోందన్నాను.  ఆవిడ మెల్లగా చెప్పింది, బిడ్డ అడ్డం తిరిగిందని, ఆపరేషన్ తప్ప వేరే గతి లేదని, చీకటి పడేలోగా ఆసుపత్రిలో లేకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని. అన్నయ్య అప్పటికే జీపు వెనక సీట్లు పీకేసి పరుపు వేస్తున్నాడు. వానల్లేవు, సాయంత్రాల్లేవు. వెళ్ళి తీరాలి.

కొక్కేనికి కడియం ఉంది. అదే అదృష్టమనుకున్నాను. అన్నయ్య దాన్ని తీసి పక్కన పెట్టుకున్నాడు. నేను వెనకాల పరుపు మీద కూర్చుని వదిన తల ఒళ్ళో పెట్టుకున్నాను. వాన తెరిపిచ్చింది గానీ లోయలోంచి మంచు పైకి లేస్తోంది. తడిరాయి వాసన. ఎక్కడో రాతిగోడ మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. దీపాల వెలుతురు బండికి నాలుగు బారల ముందే ఆగిపోతోంది. అన్నయ్య తల కిటికీలోంచి బయటికి పెట్టి అంచుని చూసుకుంటూ నడుపుతున్నాడు. వదిన నొప్పి వచ్చినప్పుడల్లా నా మోచెయ్యి పట్టుకుంటోంది, పోయాక సారీ చెప్తోంది. ఆ పిచ్చిదానికి అప్పుడు కూడా మర్యాదే.

సగం దారి వచ్చి ఉంటాం. జీపు ఆగింది.

మంచులో ఎదురుగా రెండు దీపాలు. పసుపుగా, మసగ్గా. మావైపే వస్తున్నాయి.

అన్నయ్య తిట్టుకుంటూ హారన్ కొట్టి, కడియం కిటికీలోంచి బయటికి చాపి ఊపాడు. ఆ దీపాలు ఆగాయి. ఆ తర్వాత వాటి పక్కనుంచి, మంచులోంచి, ఒక చెయ్యి బయటికొచ్చింది. దాని చివర ఒక కడియం.

"వాళ్ళకీ ఉందేంటి?" అన్నాడు అన్నయ్య. నాకేం తెలుసు. అవతలివాళ్ళెవరైనా ఇంకొకటి చేయించారేమోనని ఇద్దరం అనుకున్నాం. దిగి వాదించే టైం లేదు. పక్కకి తప్పుకునే చోటు లేదు. ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, అవతలివాడు కదలడం లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది నేను మాటగానే విన్నాను, ఆ రోజు అందులో కూర్చున్నాను. అన్నయ్య పళ్ళు కొరుక్కుని వెనక్కి తీశాడు. అంగుళం అంగుళం. కుదుపు కుదుపుకీ వదిన మూలుగు. ఆ దీపాలు మా ముందే, అంతే దూరంలో, అంతే నెమ్మదిగా మమ్మల్ని ఊరిదాకా తోసుకొచ్చాయి.

మా చివరికి చేరి జీపుని ఓరగా పెట్టి, రమ్మని చెయ్యి ఊపాం. దారిలోంచి చప్పుడొస్తోంది. ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. స్తంభం దాకా వచ్చి ఆగిపోయింది.

బండి రాలేదు. దీపాలు లేవు. అన్నయ్య టార్చి పట్టుకుని లోపలికి పరిగెత్తి, పాలిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. బురదలో మా జీపు జాడలు తప్ప ఇంకేమీ లేవన్నాడు.

నేను తాతకి ఫోన్ చేశాను. ఏ బండిని పంపావని అరిచాను. మధ్యాహ్నం నుంచి ఒక్క బండి కూడా దిగలేదన్నాడు తాత. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అది కడియం చూపించిందా?"

చూపించిందన్నాను.

"అయితే దారి దానిదే తల్లీ. నేనేం చెప్పను?" అని పెట్టేశాడు.

నేను ఆ మాట అన్నయ్యకి చెప్పలేదు, చెప్పి చేసేదేముంది? వదిన కింద దుప్పటి తడిసిపోయింది. నీళ్ళతో కాదు. నడిచి మోసుకుపోదామా అన్నాను. అన్నయ్య ఆ దుప్పటి చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ బయల్దేరాం. ఈసారి దీపాలు సగం దారి దాకా ఆగలేదు. మేం మొదటి మలుపు తిరిగామో లేదో, అక్కడే ఉన్నాయి. మా కోసం నించున్నట్టు.

అన్నయ్య ఈసారి ఆపలేదు. ముందు బంపరు ఆ దీపాలకి బారెడు దూరంలోకి వెళ్ళేదాకా పోనిచ్చాడు. వాసన కొట్టింది. పులిసిన పాలు... ఏటి బురద... కడగని క్యానులో మూత బిగించి నెలల తరబడి వదిలేస్తే వచ్చే వాసన.  మంచు కాస్త పలచబడింది. ఆ ముందు అద్దం, ఆ సొట్టపడ్డ రేకు... ఊళ్ళో చంటిపిల్లలు కూడా గుర్తుపట్టే బండి అది.

పై ప్రాణాలు పైనే పోయాయి.  వదిన మాత్రం ఏమీ చూడలేదు, కళ్ళు మూసుకుని సన్నగా ఊపిరి తీస్తోంది. వదిన మొహం చూశాను. నాకు తెలిసిన పని ఒక్కటే, మాట్లాడటం. వదిన తల పరుపు మీద పెట్టి దిగాను.

గోడకి చెయ్యి ఆనించి నడిచాను. వాన ఆగి చాలాసేపైంది, వ్యాను తలుపు సందుల్లోంచి మాత్రం నీళ్ళు కారుతూనే ఉన్నాయి. లోపల్నుంచి కారుతున్నాయి. కిటికీ మీద ఒక మోచెయ్యి ఉంది. చొక్కా చేతిలోంచి చుక్కలు పడుతున్నాయి. మొహం నేను చూడలేదు. చూడదల్చుకోలేదు.

"మావయ్యా..."

"ఏం అమ్మాయ్, ఈ వేళప్పుడు?"

మామూలు గొంతు. రోజూ బిందె అందుకుంటూ మాట్లాడే గొంతు. నేను చేతులు జోడించి అంతా చెప్పాను. వదిన సంగతి, రెండుసార్లు పోయిన సంగతి, నర్సమ్మ చెప్పింది, దుప్పటి... ఏడుస్తూ చెప్పాను.

"అయ్యో తల్లీ" అన్నాడు. నిజంగా బాధపడ్డాడు. నాకు అదే ఎక్కువ భయమేసింది. "కానీ కడియం నా దగ్గరుంది కదమ్మా. వెనక్కి తీసుకోవాల్సింది మీరే."

మా దగ్గరా ఉందన్నాను. ఒక దారికి రెండెలా ఉంటాయని ఆశ్చర్యపోయాడు.  క్యాన్లు తమంతట తాము మెల్లగా కదిలాయి.

"మీ ఊరు ఈమధ్య బాగా దూరమైపోయింది అమ్మాయ్" అన్నాడు. "ఎంత నడిపినా రావడం లేదు. అక్కడ అందరూ పాలు పితికేసి నించుని ఉంటారు."

 మైకునట. జీవితంలో మొదటిసారి నాకు మాట దొరకలేదు.

"మీ అన్నని రమ్మను" అన్నాడు చివరికి. "కడియం డ్రైవరు చేతికే ఇవ్వాలి. ఇచ్చేస్తే ఇక వెనక్కి పోవాల్సింది నేనే కదా."

ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. పరిగెత్తుకొచ్చి చెప్పాను. అన్నయ్య వెనక్కి వంగి వదిన నుదుటి మీద జుట్టు పక్కకి తీశాడు.

"మైకూ, నువ్వు మాట్లాడుతూనే ఉండు. దాన్ని నిద్రపోనివ్వకు" అని చెప్పి, కొత్త కడియం పట్టుకుని దిగాడు.

నేను వదిన చెయ్యి పట్టుకుని నోటికొచ్చిందల్లా మాట్లాడాను. పుట్టబోయేవాడికి అత్త పోలికొస్తే ఊరికి రెండు మైకులౌతాయన్నాను. బయట వ్యాను తలుపు తెరుచుకున్న చప్పుడు. మాటలు వినపడలేదు. క్యాన్లు గలగలమన్నాయి, ఎవరో వాటి మీద పడ్డట్టు. తలుపు మూసుకుంది. తర్వాత అడుగులు. తడిసిన బూట్లతో నడిస్తే వచ్చే చప్పుడు.

అన్నయ్య వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. ముందున్న పలక మీద రెండు కడియాలూ పెట్టాడు. కొత్తదీ, ఇంకొకటీ. ఆ ఇంకొకదానికి నాచు పట్టి ఉంది. ఏమన్నాడని అడిగాను.  వెనక్కి తిరగలేదు.

ఎదురుగా దీపాలు కదిలాయి. వెనక్కి. మేం ముందుకి, అవి వెనక్కి. ఒంటిదారి పొడవునా అలాగే. అంత మంచులో ఆ వ్యాను ఎక్కడా గోడకి రాసుకోలేదు, ఎక్కడా తడబడలేదు... ఒక్కసారి మాత్రం, నడిమధ్యలో, అది ఆగింది. దీపాలు రెండుసార్లు ఆరి వెలిగాయి. ఏదో చెప్పడానికన్నట్టు. అన్నయ్య ఆపలేదు, దాని మీదికి పోనిచ్చాడు. అది మళ్ళీ వెనక్కి కదిలింది.

అక్కడే వదినకి నొప్పులు ఆగిపోయాయి. నా మోచెయ్యి వదిలేసి హాయిగా నిట్టూర్చింది. అమ్మయ్య అనుకున్నాను.

చివరికొచ్చేసరికి ముందు ఏమీ లేదు. టీకొట్టు బయట తాత టార్చి పట్టుకుని నించున్నాడు. అన్నయ్య దిగి, రెండు కడియాలూ ఒకే కొక్కేనికి తగిలించాడు. తాత టార్చి వెలుతురు అన్నయ్య మొహం మీద పడింది, వెంటనే ఆరిపోయింది. తాత కొట్లోకి పోయి తలుపేసుకున్నాడు.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మగపిల్లాడు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది. ఇద్దరూ దక్కారు. నేను వరండాలో కూలబడి ఏడ్చాను, అంత ఏడుపు నాలో ఉందని నాకే తెలీదు.

వదిన కళ్ళు తెరిచేసరికి మంచానికి ఈ పక్క నేను, కాళ్ళ దగ్గర అన్నయ్య.

"మీ అన్నయ్యేడీ?" అంది.

మత్తు ఇంకా దిగలేదనుకున్నాను. ఇదిగో ఎదురుగానే ఉన్నాడుగా అన్నాను. వదిన ఆయన వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బిడ్డని దగ్గరికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది.

"పోన్లే అమ్మాయ్, నీరసంగా ఉంది, పడుకోనీ" అన్నాడు అన్నయ్య.

అమ్మాయ్ అన్నాడు.

నేను విననట్టు ఊరుకున్నాను. ఇప్పటికీ ఊరుకుంటూనే ఉన్నాను. మొహం అన్నయ్యదే, నడక అన్నయ్యదే, గడ్డం కింద చిన్నప్పటి గాటు కూడా ఉంది. కానీ ఆవుకి తల ఎటో తోక ఎటో తెలియని మనిషి, ఇప్పుడు పొద్దున్నే కొట్టాల దగ్గర నించుని ఏది ఎంత ఇస్తుందో, ఏది వట్టిపోతుందో చెప్తున్నాడు. ఊరు మెచ్చుకుంటోంది. తండ్రయ్యాక మనిషికి బాధ్యత తెలిసిందంటోంది. వదిన ఒక్కసారే నాతో అంది, గుసగుసగా, ఆయన చేతులు ఎంత తుడిచినా తడిగానే ఉంటాయని. నేనేం చెప్పగలను? ఎవరికి చెప్పగలను? చెప్తే నమ్మేదెవరు, నమ్మినా చేసేదేముంది? బాబు మాత్రం బంగారం, అస్సలు ఏడవడని వచ్చినవాళ్ళందరూ దిష్టి పెడుతున్నారు. ఎంత కప్పినా వాడి చేతులు చల్లగానే ఉంటాయి, వానాకాలం కదా అనుకుంటున్నాను. వదినకి వాడే లోకం.

వానల్లో ఇప్పుడు సాయంత్రాలు కూడా జీపు నడుస్తోంది. ఆయనకి భయం లేదు. కడియాలు రెండూ పక్కన పెట్టుకుని దిగుతాడు. మంచు ఉన్న రోజున ఎదురుగా రెండు దీపాలు కనపడతాయి. జీపులో అందరికీ కనపడతాయి. అందరూ ఒళ్ళో సంచుల్లోకి చూసుకుంటారు. మేం ముందుకి పోతే అవి వెనక్కి పోతాయి. కడియం లేనివాడు వెనక్కే కదా పోవాలి. ఒక్కోసారి హారన్ వినపడుతుంది. హారన్ వ్యానుదే. కొట్టే తీరు మాత్రం మా అన్నయ్యది, పొద్దున్నే జనం పోగయ్యారా అని నన్ను అడగడానికి కొట్టేవాడే, అది. నేను సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంటాను. నా పక్కన స్టీరింగు ముందున్నాయన చిన్నగా నవ్వి ఇంకాస్త వేగంగా పోనిస్తాడు. నా అన్న నా కళ్ళ ముందే వెనక్కి వెనక్కి పోతుంటే, తోస్తున్న బండిలో నేనే కూర్చుని ఉంటాను.

కడియంతో వెళ్తే ఆగడు. మరి కడియం లేకుండా వెళ్తే?

మొన్న సాయంత్రం నడిచి వెళ్ళాను. వదినకి పొరుగింటికి పోతున్నానని చెప్పాను. కడియాలు రెండూ కొక్కేనికి వేలాడుతుండటం రెండుసార్లు చూసుకుని మరీ బయల్దేరాను. మంచు మోకాళ్ళ దాకా ఉంది. గోడకి చెయ్యి ఆనించి, గట్టిగా మాట్లాడుకుంటూ నడిచాను. అన్నయ్యా నేనే, మైకుని, నా చేతిలో ఏమీ లేదు, చూడు...

దీపాలు కనపడ్డాయి. ఈసారి వెనక్కి పోలేదు.

దగ్గరికి వెళ్ళాను. ఆ వాసన. ఆ నీళ్ళ చుక్కలు. ఇంజను ఆగి ఉంది. కిటికీ లోపల చిమ్మచీకటి. అందులోంచి ఒక చెయ్యి మెల్లగా బయటికొచ్చి గాలిలో తడుముకుంది. ఖాళీ చెయ్యి. అన్నయ్య చేతిని నేను గుర్తుపట్టనా? రెండు చేతులతో పట్టుకున్నాను. ఐసుగడ్డలా ఉంది. లోపలికి లాగలేదు, ఏమీ చెయ్యలేదు. పట్టుకుంది, అంతే.

"వదిన బాగుందన్నయ్యా" అన్నాను. "కోలుకుంది. బాబు బాగున్నాడు. ముద్దొస్తున్నాడు. నువ్వు బెంగపెట్టుకోకు..."

ఆ వేళ్ళు నా చేతిని అటూ ఇటూ ఊపాయి, కాదు కాదన్నట్టు. 

అప్పుడే, ఆ చీకట్లోంచి, నా చిటికెన వేలిని ఇంకేదో పట్టుకుంది.  అది ఇంకొక చెయ్యి. చాలా చిన్నది. గోళ్ళు ఇంకా మెత్తగా ఉన్నాయి... నా వేలి చుట్టూ అన్ని వేళ్ళూ బిగించి, గట్టిగా పట్టుకుంది.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది.